రక్తం తక్కువైతే ధ్యాస నిలవదా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, 20 కిలోలు. హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. పాఠం గుర్తుండదు, కుదురుగా వినడు. రక్తానికీ మెదడుకూ సంబంధం ఉందా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: ఉందమ్మా. ఈ వయసుకు కనీసం 11.5 ఉండాలి. హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన ఇనుమే మెదడుకూ కావాలి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి, మెదడులో సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనం తయారయ్యే దారిలో మొదటి ఎంజైము ఇనుము లేనిదే పనిచేయదు. నుదుటి వెనక మెదడు భాగంలో డోపమైన్ తగ్గితే ధ్యాస చెదురుతుంది. మరీ ఎక్కువైనా అంతే. జ్ఞాపకాలను పోగుచేసే హిప్పోకాంపస్ ఎదుగుదలకూ, నరాల మీది మయలిన్ పొరకూ ఇనుమే కావాలి. ఉన్న కాస్త ఇనుమునూ శరీరం ముందు ఎర్రకణాలకే ఇస్తుంది కాబట్టి హిమోగ్లోబిన్ పడిపోకముందే మెదడుకు కొరత మొదలవుతుంది. అందుకని ఒంట్లో ఇనుము నిల్వలు తెలిపే ఫెరిటిన్ పరీక్షా చేయించండి. 15 కన్నా తక్కువైతే నిల్వలు ఖాళీ అయినట్టే. జ్వరంలో మాత్రం వద్దు, అంకె ఎక్కువగా చూపిస్తుంది.

ఇనుము మందు మోతాదు సాధారణంగా రోజుకు కిలోకు 3 మిల్లీగ్రాములు, అంటే మీవాడికి 60. డాక్టరుగారిని అడిగే మొదలుపెట్టండి. ఎక్కువమంది తప్పేది సీసా దగ్గరే: మందులోని ఇనుప లవణం (ఇనుము కలిసిన రసాయనం) బరువు వేరు, అందులోని అసలు ఇనుము వేరు. ‘ఎలిమెంటల్ ఐరన్’ అంకె చూడండి. పాలు, టీతో ఇవ్వొద్దు; నిమ్మరసంతో మేలు. రాగి సంగటి మానక్కర్లేదు గానీ రాగుల్లోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టేసుకుంటుంది, మందు వేరే పూట వేయండి. మలం నల్లబడితే కంగారొద్దు. సీసా పిల్లలకు అందనివ్వకండి, ఎక్కువ తాగితే ప్రాణాపాయం.

హిమోగ్లోబిన్ సరైనా ఇంకో 2, 3 నెలలు వాడాలి. నెలకీ పెరగకపోతే నులిపురుగులు, థలసీమియా (వంశపారంపర్య రక్తవ్యాధి) ఉన్నాయేమో చూడాలి. రక్తం పెరిగినా ధ్యాస కుదరకపోతే చూపు, వినికిడి, నిద్ర పరీక్షించాకే మరో మాట.