ఆలస్యం ఎవరిది? ఠాణా పనిపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా చిన్నాయన కొడుకును కట్టంగూర్ దగ్గర హైవే మీద లారీ గుద్దింది, అక్కడికక్కడే పాణం పోయింది. సాయంత్రం ఆరింటికి జరిగితే శవాన్ని మరునాడు మధ్యాహ్నానికి గానీ ఇయ్యలేదు. ఇంటికాడ ఆడోళ్ళు ఏడుస్తుంటే పోలీసోళ్ళు కాయితాలు రాసుకుంట కూసున్నరు. వాళ్ళకు మనసుండదా?
– ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: మీ బాధను ఎవరూ కాదనలేరు. కానీ ఆ కాగితాలు లేకుండా శవాన్ని అప్పగిస్తే రేపు నష్టపోయేది మీ ఇంటివాళ్ళే. ముందు ఫిర్యాదు మీద ఎఫ్‌ఐఆర్ కట్టాలి. తర్వాత భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద శవ పంచనామా. ఇద్దరికి తక్కువ కాకుండా స్థానికుల్ని కూర్చోబెట్టుకుని గాయాలు ఎక్కడెక్కడున్నాయి, ఒంటి మీద ఏ బట్టలున్నాయి, జేబులో ఎంత డబ్బుంది, ఫోను ఉందా లేదా అన్నీ రాస్తారు. ఇవి చేతికందాకే డాక్టరు పోస్టుమార్టం మొదలుపెడతారు. ఆరింటికి ప్రమాదం జరిగితే ఇదంతా అయ్యేసరికి చీకటి పడిపోతుంది. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో రాత్రి కూడా చేయవచ్చని కేంద్రం 2021 నవంబరులో అనుమతించింది. సరైన వెలుతురు, సిబ్బంది లేనిచోట మాత్రం తెల్లవారేదాకా ఆగాల్సిందే. ఆ రాత్రి మార్చురీ గుమ్మం ముందు కానిస్టేబుల్ కూడా మేలుకునే ఉంటాడు. రోడ్డు మీంచి శవాన్ని ఎత్తడంలో చెయ్యి వేసింది కూడా చాలాసార్లు అతనే.

గాయపడినవారు హైదరాబాద్ తీసుకెళ్ళాక చనిపోతే ఇంకా ఆలస్యమవుతుంది. అక్కడి ఆసుపత్రి నుంచి డెత్ ఇంటిమేషన్ ఇక్కడి ఠాణాకు రావాలి, ఇక్కడి నుంచి ఎఫ్‌ఐఆర్ కాపీ పట్టుకుని మనిషి పోవాలి.

మీవైపు నుంచి చనిపోయినవారి ఆధార్, లారీ నంబరు కనిపించే ఫొటో, పంచులుగా, అంటే పంచనామాకు సాక్షులుగా, కూర్చోగల ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉంటే చాలా సమయం కలిసొస్తుంది. పంచనామా చదవకుండా సంతకం పెట్టకండి. ఆధార్‌లో ఒక పేరుండి, ఎఫ్‌ఐఆర్‌లో ఊళ్ళో పిలిచే పేరు పడిందంటే బీమా డబ్బు కోసం నెలల తరబడి తిరగాలి. నష్టపరిహారం దరఖాస్తుకు మోటారు వాహనాల చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు, దాన్ని దాటనివ్వకండి. గుద్ది పారిపోయిన బండి ఏదో తేలకపోతే మృతుడి కుటుంబానికి 2 లక్షల రూపాయల పరిహారం వేరే పథకం కింద వస్తుంది.

ప్రశ్న: మా ఆయన కానిస్టేబుల్. బతుకమ్మకు లేడు, దీపావళికి లేడు. సెలవు ఎందుకియ్యరు?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, ఊరికి పండుగంటే ఠాణాకు బందోబస్తే. వినాయక నిమజ్జనం, బతుకమ్మ, దసరా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. దీపావళి కాగానే కురుమూర్తి జాతర, రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర. ఒక్క ఠాణా సిబ్బందితో జాతర నడవదు కాబట్టి చుట్టుపక్కల ఠాణాల నుంచి పంపిస్తారు. వెనక మిగిలిన నలుగురే సెంట్రీ, రైటర్, కోర్టు డ్యూటీ, సమన్లు, 100కు వచ్చే ఫోన్లు అన్నీ చూసుకోవాలి. మహిళా కానిస్టేబుళ్ళకైతే పూటంతా నిలబడే చోట మరుగుదొడ్డి కూడా ఉండదు, వాళ్ళు నీళ్ళు తాగడమే మానేస్తారు. జాతర కమిటీలు టెంట్లు వేసేటప్పుడే దీని గురించి ఆలోచించాలి. వేళకు తిండి, నిద్ర లేని ఉద్యోగం ఇది. మీవారికి బీపీ, షుగర్ పరీక్షలు వాయిదా వేయనివ్వకండి, జబ్బు చేస్తే పోలీసు కుటుంబాలకు ఆరోగ్య భద్రత పథకం ఉంది.

ప్రశ్న: అక్టోబరు 21న పోలీసులు ఎందుకు నివాళులర్పిస్తారు?
– ఒక విద్యార్థి, దేవరకొండ

జవాబు: 1959లో ఆ రోజున లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. మన దగ్గరివాళ్ళనూ ఆ రోజు తలుచుకుంటారు. 1993 నవంబరులో సోమశిల దగ్గర మందుపాతర పేలి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు బలయ్యారు. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న కానిస్టేబుల్‌ను, హోంగార్డును కాల్చి చంపారు. ఆ హంతకుల్ని జానకీపురం దగ్గర అడ్డుకోబోయి మరో కానిస్టేబుల్, ఎస్సై ప్రాణాలిచ్చారు.

ప్రశ్న: మా నాయనను రాయితో కొడితే తలకు కుట్లు పడ్డయి. కొట్టినోనికి నోటీసు చేతిలపెట్టి ఇంటికి తోలిన్రు. పైసలు తిన్నరని ఊరంత అంటున్నది.
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: నోటీసు ఇచ్చినంత మాత్రాన పైసలు తిన్నట్టు కాదు. ఏడేళ్ళ వరకు శిక్షపడే నేరాల్లో, అరెస్టు అవసరం కనిపించకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలవాలనేది చట్టం. కారణం రాయకుండా యథాలాపంగా అరెస్టు చేస్తే శాఖాపరమైన చర్య, కోర్టు ధిక్కారం రెండూ తప్పవని సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో 2014లోనే చెప్పింది. పిలిచినప్పుడు అతను రాకపోతే అప్పుడు అరెస్టు చేయవచ్చు. గాయం మామూలుదా, తీవ్రమైనదా అన్నది డాక్టరిచ్చే గాయాల సర్టిఫికెట్‌తో తేలుతుంది. అది ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమని రాస్తే సెక్షన్ మారుతుంది. ఆ సర్టిఫికెట్ ఠాణాకు వచ్చిందో లేదో కనుక్కోండి.

అయితే నిర్లక్ష్యం అసలే ఉండదని చెప్పడం లేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు చెప్పాలి. అసలు కేసే కట్టనంటే అదే సంహిత 173(4) సెక్షన్ కింద అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే ఆ రసీదుతో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళండి.