ముఖచిత్రం ఒప్పుకున్నారా? రంగులు తీయకముందే ఇవి తేల్చుకోండి

ప్రశ్న: ఒక కథల సంపుటికి ముఖచిత్రం వేయమన్నారు. డెమ్మీ 1/8 సైజు, 200 పేజీలు. ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా ఒకే బొమ్మ కావాలట. కొలతలు ఎలా పెట్టుకోవాలి? కిందటిసారి నేను వేసిన నెమలి నీలం ప్రెస్సు నుంచి వచ్చేసరికి వెలిసిపోయింది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కొలతల్లో తేలాల్సింది స్పైన్ (రెండు అట్టల మధ్య పుస్తకం వీపు) ఒక్కటే. 200 పేజీలంటే 100 ఆకులు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) మ్యాప్‌లితో అనే పూత లేని కాగితం మందం సుమారు 0.09 మి.మీ. కాబట్టి స్పైన్ 9 మి.మీ. దగ్గర వస్తుంది. కానీ మిల్లును బట్టి మందం మారుతుంది. పుస్తకానికి వాడబోయే కాగితాన్నే 100 ఆకులు పేర్చి, గట్టిగా నొక్కి కొలిచి చెప్పమని ప్రెస్సువాళ్లను అడగండి. రెండు మి.మీ. తేడా వచ్చినా స్పైన్ మీది పేరు అట్ట మీదికి జారుతుంది.

డెమ్మీ 1/8 అట్ట ఒక్కోటి 140 × 216 మి.మీ. అనుకుంటే, రెండు అట్టలూ స్పైనూ కలిపి వెడల్పు 289. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు) కలిపితే 295 × 222. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అది 3,484 × 2,622 పిక్సెళ్లు. ముఖాలు, వేళ్లు, అక్షరాలు కటింగ్ గీతకు కనీసం 6 మి.మీ. లోపలే ఉండాలి. టైటిల్‌కు చోటు కూడా స్కెచ్‌లోనే వదలండి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ‘స్త్రీ’ అని రాసి చూస్తే ఎంత ఎత్తు కావాలో తెలుస్తుంది. ఆ చోటు వదలకపోతే డీటీపీలో టైటిల్ వచ్చి బొమ్మ నుదుటి మీద కూర్చుంటుంది.

ఇక రంగు సంగతి. తెర మీద కనిపించేది వెలుతురు, అట్ట మీద పడేది సిరా. నెమలి నీలం, చిలకాకుపచ్చ, మెరిసే గులాబి తెర మీద ఉన్నంత నిగనిగగా నాలుగు రంగుల ముద్రణలో రావు. ఫైలు పూర్తయ్యాక సీఎంవైకేకు, అంటే సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబి), పసుపు, నలుపు సిరాల పద్ధతికి మార్చి బాధపడటం కన్నా, మొదటి రంగు వేయకముందే ఆ ప్రివ్యూ పెట్టుకుని పనిచేయండి. నీలంలో మెజెంటాను సయాన్ కన్నా 30 శాతమైనా తక్కువ ఉంచండి, లేకపోతే ఊదాకు తిరుగుతుంది. మ్యాట్ లామినేషన్ (మెరుపు లేని ప్లాస్టిక్ పొర) వేస్తే రంగులు ఇంకాస్త మందగిస్తాయి. ముదురు భాగాలను ఆ మేరకు తేలిక చేయాలి. పెద్ద నల్లని నేపథ్యానికి సయాన్, మెజెంటా, పసుపు, నలుపు వరుసలో 40, 30, 30, 100 శాతం చొప్పున నాలుగు సిరాలూ బాగుంటాయి. చిన్న అక్షరాలకు మాత్రం నలుపు ఒక్కటే 100 శాతం వాడాలి. నాలుగు సిరాల్లో వేసినప్పుడు ప్లేటు వెంట్రుకవాసి కదిలినా ఒత్తుల చుట్టూ ఎర్రగానో నీలంగానో అంచు కనిపిస్తుంది.

ప్రశ్న: ఒక నవలకు నేను వేసిన ముఖచిత్రాన్ని ప్రచురణకర్త ఇప్పుడు క్యాలెండర్ మీదా వేశారు. రాతకోతలేమీ లేవు. డబ్బు అడగొచ్చా?
– ఒక చిత్రకారుడు, కరీంనగర్

జవాబు: అడగండి, కానీ చట్టం మీ వైపు గట్టిగా లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకుంటే, వేయించుకున్నవారే తొలి హక్కుదారు. పెన్నుతో గీసిన రేఖాచిత్రం ఇందులోకి వస్తుందా అన్నది వాదనకు తావున్న విషయం. మీ పేరు వేయమని అడిగే హక్కు, బొమ్మను మీ పరువు పోయేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఎలాగూ మీవే.

ఇకమీదట పని మొదలయ్యేముందే ఒక పేజీ రాసుకోండి. కాపీరైట్ చిత్రకారుడిదే అని మొదటి వాక్యం. ఆపైన ఏ పుస్తకం, ఏ భాష, ఎన్ని ప్రతులు, ఈ-బుక్ కలుస్తుందా లేదా. క్యాలెండర్లు, పోస్టర్లు, అనువాదాల అట్టలకు వేరే రుసుము. అసలు పెయింటింగ్ ఎవరి దగ్గర ఉంటుందో కూడా విడిగా రాయాలి; అచ్చువేసే హక్కు ఇచ్చినంత మాత్రాన కాన్వాసు ఇచ్చినట్టు కాదు. హక్కు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా తీసుకుంటుంది.

డబ్బు మూడు విడతలుగా అడగడం మేలు: అడ్వాన్సు 40 శాతం, స్కెచ్ ఖాయమయ్యాక 30, ఫైలు ఇచ్చేముందు 30. మార్పులు స్కెచ్ దశలో రెండుసార్లు. రంగులు పడ్డాక ‘ఆ అమ్మాయిని నిలబెట్టండి’ అంటే అది మార్పు కాదు, కొత్త బొమ్మ. దానికి కొత్త రేటు. ఈ మాట ముందే కాగితం మీద ఉంటే తర్వాత మొహమాటపడే పని ఉండదు.

ప్రశ్న: లోపలి కథల బొమ్మలు పెన్నుతో ఎంత పెద్దగా గీయాలి?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లు. అంతకన్నా పెద్దగా గీస్తే, కుదించినప్పుడు సన్నని గీతలు విరుగుతాయి. మ్యాప్‌లితో సిరాను పీల్చుకుంటుంది, దగ్గరదగ్గరగా గీసిన గీతలు కలిసిపోయి నల్లని మచ్చలవుతాయి. కుదించాక కూడా గీత అర పాయింటు (సుమారు 0.18 మి.మీ.) కన్నా సన్నబడకుండా, మధ్య ఖాళీ గీత మందానికి రెట్టింపు ఉండేలా చూసుకోండి. గ్రేస్కేల్‌లో (బూడిద ఛాయలతో) కాకుండా శుద్ధ నలుపు-తెలుపులో, చివరి సైజుకు 1,200 డీపీఐ వచ్చేలా స్కాన్ చేయించండి. గ్రేస్కేల్‌లో ఇస్తే గీతల అంచులు చుక్కలుగా చెదురుతాయి.