గోదావరి గట్టుకి పోతున్న మేనల్లుడికి

చిన్నా,

నీటిమట్టం కొలిచే స్టేషన్ల డేటా తెప్పించే పని నీ చేతికిచ్చారని మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. భద్రాచలం నుంచి చింతూరు దాకా నీదేనట కదా. వాడి సంతోషం వింటుంటే నాకూ గర్వంగానే అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. జూన్‌లో చేరతావట. ఒరేయ్, ఏడాదిలో నీకు వేరే నెల దొరకలేదా?

భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ మెట్టుకీ ఈ మెట్టుకీ మధ్య ఊళ్లకి ఊళ్లు మూటాముల్లె సర్దుకుంటాయి. అందుకే చెబుతున్నా, తెర మీద పచ్చ చుక్క వెలుగుతోందని మురిసిపోకు. ఆఖరి రీడింగ్ ఎన్ని గంటలదో చూడు. కనెక్షన్ తెగినా పాత అంకెనే చూపిస్తూ కూర్చునే డాష్‌బోర్డులున్నాయి. నది పెరుగుతుంటే అక్కడ గీత మాత్రం తిన్నగా పోతూ ఉంటుంది. అసలు డేటా రాకపోతే ఎవరో ఒకరు గాభరా పడి ఫోన్ చేస్తారు, ఇలాంటప్పుడు ఎవరూ చెయ్యరు.

స్టేషన్ పలకట్లేదంటే ముందు బ్యాటరీ, సోలార్ ప్యానెల్ మీద దుమ్ము, సిమ్ రీచార్జి చూడు. నవ్వకు. తర్వాత, వచ్చిన ఎర్రర్‌ని పూర్తిగా చదువు. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే చాలావరకు అవతలి డబ్బా, అదే స్టేషన్లో ఉండే చిన్న కంప్యూటర్, బతికే ఉంది, ఆ పోర్టు (మనం తట్టే తలుపు) మీద ప్రోగ్రామే నడవట్లేదు. ‘టైమ్డ్ ఔట్’ అంటే ప్యాకెట్ దారిలో పోయింది, లేదా ఫైర్‌వాల్ ఉలుకూపలుకూ లేకుండా మింగేసింది. ‘పర్మిషన్ డినైడ్’ వస్తే నెట్‌వర్క్ జోలికే పోకు, అది యూజరు, కీ గొడవ. ఈ మూడింటికీ తేడా చూసుకోకుండా రూటర్ రీస్టార్ట్ చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మామూలు సిమ్ వేస్తే దానికి చాలాసార్లు 10తో మొదలయ్యేదో, 100.64కీ 100.127కీ మధ్యదో లోపలి ఐపీ వస్తుంది. నువ్వు ఆఫీసు నుంచి ఎంత మొత్తుకున్నా దాన్ని చేరలేవు. స్టేషనే మన సర్వర్‌కి టన్నెల్ (నెట్ మీదుగా సొంత దారి) కట్టేలా పెట్టించు, లేదంటే సిమ్ కంపెనీని ప్రైవేటు ఏపీఎన్, అంటే మన సిమ్ములకే విడిగా ఉండే నెట్ దారి, అడుగు. ఆ టన్నెల్‌లో లాగిన్ అవుతూ, చిన్న కమాండ్లు నడుస్తూ, ఫైలు పంపేటప్పుడు మాత్రం బిగుసుకుపోతే ఎంటీయూని, అంటే ఒక్క ప్యాకెట్లో పట్టే గరిష్ఠ సైజుని, అనుమానించు. ముక్కలు చెయ్యొద్దని చెప్పి 1472 బైట్ల పింగ్ కొట్టు. హెడర్లు 28 కలిపితే 1500. పోలేదా, తగ్గించుకుంటూ రా. ఇంకోటి, డబ్బాలో గడియారం బ్యాటరీ అయిపోతే తేదీ 1970 లాంటి పాత కాలానికి పోవచ్చు, అప్పుడు సర్టిఫికెట్ చెల్లదని సర్వర్‌తో మాట్లాడటమే మానేస్తుంది. డిస్కులో చోటున్నా కొత్త ఫైలు రాయట్లేదంటే ఐనోడ్లు, అంటే ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే డిస్కు ఖాతాలు, చూడు. నిమిషానికో చిన్న ఫైలు రాసే చోట అవే ముందు అయిపోతాయి.

ఇవన్నీ నువ్వు చదువుకున్నవే. నేను ఉత్తరం రాసింది వేరే సంగతికి.

నేను పనిచేసిన చోట ఒక కుర్రాడుండేవాడు, చురుకైనవాడు. ఓ వానాకాలం సాయంత్రం, వాగు అవతలున్న స్టేషన్ డబ్బాలో ఫైర్‌వాల్ రూల్స్ గజిబిజిగా ఉన్నాయని, అన్నీ తుడిచి మళ్లీ రాద్దామని కూర్చున్నాడు. రూల్స్ అన్నీ తుడిచేసే కమాండ్, ఐపీటేబుల్స్ మైనస్ ఎఫ్, కొట్టాడు. రూల్స్ పోయాయి, కానీ ఇన్‌పుట్ డిఫాల్ట్ పాలసీ డ్రాప్‌లోనే ఉంది. అంటే మనల్ని లోపలికి రానిచ్చే రూల్ పోయింది, అందర్నీ ఆపేసే పాలసీ మిగిలింది. కర్సర్ అలాగే నిలబడిపోయింది. ఎంటర్ మీద ఎంటర్ కొట్టాడు, ఒక్క అక్షరం కదల్లేదు. భయానికి ఇంకో కిటికీ తెరిచి లాగిన్ కొట్టాడు, టైమ్డ్ ఔట్. మట్టం రాసుకునే యంత్రం, అదే లాగర్, దాని రీడింగులు కూడా ఆ డబ్బాలోంచే బయటికి రావాలి. గంట గడిచేసరికి అడిగేవాళ్లు మొదలయ్యారు. గేజీ దగ్గరున్న మనిషి టార్చి పట్టుకుని మట్టం చూసి ఫోన్‌లో చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాం.

అంతటితో ఆగుంటే బావుండేది. వాడు సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా బండేసుకుని రాత్రికి రాత్రి బయల్దేరాడు, వెళ్లి స్విచ్ ఆపి వేస్తే చాలు కదా అని. చప్టా మీద నీళ్లు మోకాలి దాకానే ఉన్నాయనుకున్నాడు. బండి కొట్టుకుపోయింది. వాడు పక్కనున్న చెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాడు. పొద్దున జ్వరంతో వణుకుతూనే, ‘మేడమ్, డేటా వచ్చిందా’ అని అడిగాడు. తిట్టాలని నోటిదాకా వచ్చి, ఏమనాలో తెలీక టీ తెప్పించాను.

కాబట్టి దూరంగా ఉన్న డబ్బాలో ఫైర్‌వాల్ గాని, ఐపీ గాని, రూటు గాని ముట్టుకునే ముందు తిరిగొచ్చే దారి పెట్టుకో. పది నిమిషాల తర్వాత పాత రూల్స్ దానంతటదే వెనక్కి వేసేలా ‘ఎట్’ కమాండ్‌తో పని పెట్టు. డబ్బాలో ఉన్నది డెబియన్ లినక్స్ అయితే ఐపీటేబుల్స్-అప్లై ఉంది, నువ్వు ఔనని చెప్పకపోతే వెనక్కి తిప్పేస్తుంది. మార్పు సేవ్ చెయ్యకముందే రీబూట్‌కి టైము పెట్టడం మోటు పద్ధతే గానీ పనిచేస్తుంది, రూల్స్ సేవ్ అవకపోతే రీబూట్‌తో పోతాయి. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) సెట్టింగులు మార్చేటప్పుడు పాత సెషన్ మూయకుండా ఇంకోటి తెరిచి చూసుకో. ఫైర్‌వాల్ విషయంలో ఆ నమ్మకం పెట్టుకోకు, పోతే రెండూ కలిసే పోతాయి. నీళ్లు పెరుగుతున్న రోజున అసలు ఏ మార్పూ చెయ్యకు. గజిబిజిగా ఉన్నా నడుస్తోందిగా, నడవనీ.

లాగర్ తన కార్డులో రాసుకుంటుంది, సర్వర్ అందిందని జవాబిచ్చేదాకా చెరపదు, అలాగే పెట్టించు. డేటా కార్డులో ఉంటే రేపైనా వస్తుంది. రాత్రి ఎవరు ఫోన్ చేసి ఎంత కంగారు పెట్టినా, చప్టా దాటమని ఏ ఆఫీసరు చెప్పినా, ‘మా అత్త ఒప్పుకోదు’ అని చెప్పు. సిగ్గేం లేదు. నా నంబరు కూడా ఇవ్వు, నేను మాట్లాడతాను.

రెయిన్‌కోటు కొనుక్కో, పోయినేడాది కొన్నది నీకు పొట్టయింది. ఆదివారం ఫోన్ చెయ్యి. ఈలోపు ఆ స్టేషన్లలో వేసినవి ఏ సిమ్‌లో, లాగర్ కార్డులో ఎన్ని రోజుల డేటా పడుతుందో కనుక్కుని ఉంచు.

మీ అత్త