డిస్క్ ఆపరేషన్‌తో నొప్పి తగ్గుతుందో లేదో ముందే చెప్పగలమా?

ప్రశ్న: నా వయసు 43. బస్సు డ్రైవర్‌ని. అయిదు నెలలుగా ఎడమ పిరుదు నుంచి పిక్క వెనుకగా చిటికెన వేలి దాకా నొప్పి లాగేస్తోంది. నడుము నొప్పి అంతగా లేదు. మందులు, ఫిజియోథెరపీ, వెన్నులో ఒక ఇంజెక్షన్ కూడా అయ్యాయి. ఎమ్మారైలో ఎల్‌5-ఎస్‌1 దగ్గర, అంటే నడుము అడుగున, డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) జారిందనీ, ఆ పైన ఎల్‌4-ఎల్‌5 డిస్క్ కొద్దిగా ఉబ్బిందనీ వచ్చింది. డాక్టర్ ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. మా బావగారికి ఇదే ఆపరేషన్ అయినా నడుము నొప్పి పోలేదు. నాకు తగ్గుతుందో లేదో ముందే తెలిసే వీలుందా? షుగర్ లేదు, సిగరెట్ అలవాటుంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఖాయంగా తగ్గుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, చాలావరకు అంచనా వేయవచ్చు. అందుకు అన్నిటికన్నా పనికొచ్చే ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది: మీకు నడుము కన్నా కాలు ఎక్కువగా నొప్పి పెడుతోంది. ఈ ఆపరేషన్‌లో సర్జన్ నరాన్ని నొక్కుతున్న డిస్క్ ముక్కను తీసేస్తారు, అరిగిన డిస్క్‌ను మాత్రం కొత్తది చేయలేరు. అందుకే కాలి నొప్పి తగ్గినంత నమ్మకంగా నడుము నొప్పి తగ్గదు. బావగారిని ఒక్క మాట అడగండి: ఆపరేషన్‌కు ముందు ఆయనను ఎక్కువగా బాధపెట్టింది కాలా, నడుమా? నడుమే అయితే ఆయన అనుభవాన్ని మీకు అన్వయించుకోనక్కరలేదు.

రెండో ఆధారం, ఫిల్ములో కనిపించినదీ ఒంట్లో కనిపించినదీ ఒకదానితో ఒకటి సరిపోవడం. ఏ నొప్పీ లేని 98 మందికి ఎమ్మారై తీసి 1994లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, సగం మందికి పైగా కనీసం ఒక డిస్క్ ఉబ్బి కనిపించింది. కాబట్టి రిపోర్టు ఒక్కటే చూసి ఆపరేషన్ ఫలితాన్ని ఊహించలేం. ఎల్‌5-ఎస్‌1 డిస్క్ సాధారణంగా వెన్ను నుంచి కాలిలోకి వెళ్లే ఎస్‌1 అనే నరాన్ని నొక్కుతుంది. అప్పుడు పిక్క వెనుక, పాదం బయటి అంచున నొప్పి, తిమ్మిరి ఉంటాయి, ఆ ఒంటికాలి మీద మునివేళ్లపై లేవడం కష్టమవుతుంది, మడమ వెనుక సుత్తితో తట్టినప్పుడు పాదం కదలదు. బొటనవేలిని పైకి ఎత్తలేకపోతే మాత్రం పై నరాన్ని, అంటే ఎల్‌5ను అనుమానించాలి. మీ నొప్పి చిటికెన వేలి దాకా వెళ్తోంది కనుక కింది డిస్క్‌తో సరిపోతోంది. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తినప్పుడు అదే నొప్పి కాలి పొడవునా వస్తే ఆధారం మరింత బలపడుతుంది. పై డిస్క్ ఉబ్బు గురించి, పరీక్షలో దానికి తగ్గ లక్షణం లేకపోతే, దిగులు అక్కరలేదు.

ఇక కాలవ్యవధి. మొదటి ఆరు నుంచి పన్నెండు వారాల్లో చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. ఆ దశలో ఉన్న 283 మంది మీద నెదర్లాండ్స్‌లో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి ఉపశమనం ముందుగా దొరికినా, ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలవారూ దాదాపు ఒకే స్థితికి వచ్చారు. అయితే ఆగి చూసినవారిలోనూ 39 శాతం మంది ఆ ఏడాదిలోపే ఆపరేషన్ దాకా వెళ్లారు. మీరు ఆ దశ దాటారు. నాలుగు నుంచి పన్నెండు నెలలుగా బాధపడుతున్న 128 మంది మీద కెనడాలో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల తర్వాత కాలి నొప్పి పదికి ఆపరేషన్ వర్గంలో సగటున 2.8, మందులూ వ్యాయామాల వర్గంలో 5.2గా ఉంది. మీ స్థితికి దగ్గరగా ఉన్నది ఇదే. అలాగని మరీ వాయిదా వేయకండి. ఆరు నెలలు దాటాక చేసినవారిలో ఫలితం కొంత తక్కువగా ఉందని అమెరికాలో గమనించారు.

సాధారణంగా ఎవరూ డాక్టర్‌కు చెప్పని సంగతి మరొకటుంది. దిగులు, నిద్రలేమి, ‘ఇక నా బతుకింతే’ అన్న భయం ఉన్నవారిలో, ముక్క శుభ్రంగా తీసినా నొప్పి అంతగా తగ్గదు. అది నటన కాదు, నొప్పిని మెదడు గ్రహించే తీరులోనే ఉన్న విషయం. అలాంటిదేమైనా ఉంటే ఆపరేషన్‌కు ముందే చెప్పి చికిత్స తీసుకోండి. సిగరెట్ మాత్రం ఇప్పుడే మానాలి. పొగతాగేవారిలో మెరుగుదల తక్కువ, డిస్క్ మళ్లీ జారే అవకాశం ఎక్కువ. డిస్క్ చుట్టూ ఉండే పొరకు ఎంత పెద్ద చిల్లు పడిందన్నది కూడా మళ్లీ జారడాన్ని ప్రభావితం చేస్తుంది, కానీ అది ఆపరేషన్ బల్ల మీద గానీ సరిగా తెలియదు.

‘తగ్గడం’ అంటే ఏమిటో కూడా సర్జన్‌తో ముందే మాట్లాడుకోండి. సాధారణంగా మొదట కాలి నొప్పి పోతుంది, తర్వాత నెమ్మదిగా బలం వస్తుంది, తిమ్మిరి అన్నిటికన్నా చివర తగ్గుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. గంటల తరబడి కుదుపుల్లో కూర్చునే డ్రైవింగ్‌కు ఎప్పుడు తిరిగి వెళ్లవచ్చో కూడా అడగండి, తేదీ ఆయనే చెప్పాలి.

ఈలోగా మూత్రం ఆగిపోయినా, తెలియకుండా కారిపోయినా, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోయినా, పాదం ఉన్నట్టుండి వాలిపోయినా పైన చెప్పిన అంచనాలన్నీ పక్కన పెట్టి, రాత్రయినా సరే, అప్పటికప్పుడే న్యూరోసర్జన్ గానీ స్పైన్ సర్జన్ గానీ ఉన్న ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.