కళింగపట్నం ఒడ్డున ఒక రంధ్రం

శ్రీకాకుళం

అమ్మాయీ, ఆశీస్సులు.

పోయిన నెల కథానిలయంలో నువ్వు చేతిలో పెట్టిన వ్యాసం రెండుసార్లు చదివాను. కళింగపట్నం దీపస్తంభం, వంశధార సముద్రంలో కలిసే చోట నీటి రంగు మారడం, సరుగుడు తోటల్లో గాలి చప్పుడు, వల బాగుచేసుకుంటున్న ముసలాయన వేళ్లు అన్నీ బాగా పట్టుకున్నావు. వాటికి నేను వంక పెట్టను. ఈ ఉత్తరమంతా రెండో పేజీలోని ఒకే ఒక్క వాక్యం గురించి: "తడి ఇసుక మీద పేరు తెలియని పురుగొకటి నా ముందు పరుగెత్తి, ఆగి, నన్ను చూసి ఏదో ఆలోచించి, మళ్లీ పరుగెత్తింది."

పరుగెత్తి ఆగడం నువ్వు కళ్లారా చూశావు. ఆలోచించడం చూడలేదు, అతికించావు.

అది పులి పెంకుపురుగు. నేల మీద తిరుగుతూ వేటాడే పెంకుపురుగుల పెద్ద వంశానికి చెందిన శాఖ. ఈమధ్య శాస్త్రజ్ఞులు దాన్ని వేరే కుటుంబంగా లెక్కిస్తున్నారు. మన దేశంలోనే 200కు పైగా జాతులున్నాయి. కొన్నింటికి అడవి బాటలు, కొన్నింటికి ఏటి ఇసుక తిన్నెలు, కొన్నింటికి సముద్రపు ఒడ్డే ఇల్లు. సన్నని పొడవాటి కాళ్లు, బయటికి పొంగిన కళ్లు, కొడవళ్లలా ఒకదాని మీదుగా ఒకటి దాటే దవడలు. ఇసుక కాలినప్పుడు కాళ్లు నిటారుగా చాచి ఒంటిని నేలకు ఎత్తుగా నిలుపుకుంటుంది. మళ్లీ వెళ్లినప్పుడు అది చూడు.

అది ఎందుకు ఆగిందంటే, పరుగులో దానికి చూపు ఆనదు. ఎర మీదికి దూసుకుపోయే వేగంలో కళ్లకు అందే వెలుతురు బొమ్మ కట్టడానికి చాలదు, అంతా మసకబారిపోతుంది. అందుకే ఆగి, ఎర ఎటు పోయిందో చూసుకుని, మళ్లీ ఉరుకుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కోల్ గిల్బర్ట్ దీని మీద పరిశోధన చేశాడు. ఆస్ట్రేలియా జాతి ఒకటి సెకనుకు దాదాపు 2.5 మీటర్లు పరుగెడుతుందని 1996లో ప్రకటించారు. అంటే రెప్పపాటు కాలంలో తన ఒంటి పొడవుకు ఎన్నో రెట్ల దూరం. దారిలో పుల్లో గవ్వో అడ్డొస్తే తెలియడానికి మీసాలను ముందుకు బిగదీసి పట్టుకుని పరుగెడుతుంది.

ఇది చదవగానే "మనిషి కూడా వేగంలో చూపు పోగొట్టుకుంటున్నాడు" అనే వాక్యం నీ కలం కొసకు వచ్చి ఉంటుంది. దయచేసి రాయకు. ఆ మాట పురుగు లేకుండా కూడా చెప్పవచ్చు. ఎదుట ఏమీ కనబడకుండా చీమ మీదికి దూకే ఒక ప్రాణి ఉందని చెప్పడమే నీ పని. దాన్ని మన దుఃఖాలకు కూలికి పెట్టకు.

ఇంతకీ నువ్వు చూసింది దాని జీవితంలో చివరి ఘట్టం. అసలు కథ నీ కాళ్ల కిందే జరిగింది. ఇసుక చెమ్మగా ఉండి రాలిపోకుండా నిలిచే చోట, ఎవరో పెన్సిలు గుచ్చి తీసినట్టు గుండ్రటి రంధ్రాలుంటాయి. పీత బొరియ అనుకోకు. పీత తవ్విపోసిన ఇసుక దాని గుమ్మం ముందే పడి ఉంటుంది. ఈ రంధ్రం అంచు నున్నగా ఉంటుంది, నిట్టనిలువుగా దిగుతుంది. నేనొకసారి వంశధార మొగ దగ్గర అలాంటి రంధ్రం పక్కన కాళ్లు తిమ్మిరెక్కేదాకా కూర్చున్నాను. చూస్తుండగానే రంధ్రం మాయమైంది. పూడిపోలేదు. లోపలున్న పిల్లపురుగు పైకి వచ్చి, బల్లపరుపుగా ఉండే తలతో బిరడా పెట్టినట్టు దాన్ని మూసింది. ఇసుకకూ ఆ తలకూ తేడా తెలియలేదు. ఒక చీమ దాని మీదుగా నడిచింది. మరుక్షణం చీమ లేదు, రంధ్రం ఉంది.

పిల్లపురుగు వీపున, పొట్ట ఐదో కణుపు మీద ఒక గూను ఉంటుంది. దానికి కొక్కేలుంటాయి. ఎర ఎంత గింజుకున్నా తాను ఊడి బయటపడకుండా వాటితో గోడను పట్టుకుంటుంది. మూడు దశల్లో ఎదుగుతుంది. కుబుసం విడిచి పెద్దదైనకొద్దీ రంధ్రాన్నీ వెడల్పు చేసుకుంటుంది. చివరికి గుమ్మం మూసుకుని, లోపలే ప్యూపాగా మారి, రెక్కలతో బయటికొస్తుంది.

దానికీ ఒక శత్రువు ఉంది. మెథోకా అనే కందిరీగ జాతుల్లో ఆడదానికి రెక్కలుండవు, చూడటానికి చీమలా ఉంటుంది. అది కావాలనే ఆ దవడల మధ్యకు వెళ్తుంది. సన్నని ఒళ్లు కాబట్టి నలగదు. పిల్లపురుగును కుట్టి, అది చచ్చుబడ్డాక దాని మీద గుడ్డు పెట్టి, రంధ్రాన్ని పూడ్చి వెళ్లిపోతుంది. గుడ్డులోంచి వచ్చింది ఆ పురుగునే తిని పెరుగుతుంది. ఇది రాసేటప్పుడు "క్రూరం" అనకు, "పాపం" అనీ అనకు. జరిగింది జరిగినట్టు రాస్తే చదివేవాడి గుండె దానంతటదే ఆగుతుంది.

ఇంత పట్టుదల నాకెందుకంటే, ఇరవై మూడేళ్ల వయసులో అచ్చయిన నా కథలో, రోహిణీ కార్తె ఎండలో, పొలం గట్టున ఆరుద్ర పురుగులను పాకించాను. ఆమదాలవలస వైపు రైతు ఒకాయన పోస్టుకార్డు రాశాడు: "తొలకరి పడనిదే అవి నేల మీదికి రావు బాబూ. దాంతో మీ కథలో తల్లి ఏడ్చింది కూడా నిజమేనా అని అనుమానం వచ్చింది." ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఇంకొకటి. అలలు తెచ్చి వదిలిన వరుసను నువ్వు మొత్తంగా "మురికి" అన్నావు. ప్లాస్టిక్ మీద నీ కోపం న్యాయమే. నాచు, దుంగలు వేరు. ఐరోపా తీరంలో యూరినెబ్రియా కాంప్లనాటా అనే నేల పెంకుపురుగు ఉంది. లేత పసుపు ఒళ్లు, నల్లటి గుర్తులు. పగలంతా కొట్టుకొచ్చిన దుంగల కింద దాక్కుని, రాత్రి ఇసుకలో గెంతే చిన్న జీవులను తింటుంది. శుభ్రం పేరుతో దుంగలు ఎత్తేస్తే దానికి తలదాచుకునే చోటు ఉండదు. అమెరికా తూర్పు తీరపు పులి పెంకుపురుగు ఒకదాన్ని 1990లో ముప్పున్న జీవుల జాబితాలో చేర్చారు. ఒడ్డున తిరిగే వాహనాలు, జనం అడుగులు పిల్లపురుగుల రంధ్రాలను తొక్కేయడం అందుకు ఒక కారణం.

వ్యాసం మొత్తం తిరగరాయవద్దు. రెండో పేజీ చాలు. వచ్చే ఆదివారం పొద్దున్నే, నీరు వెనక్కి తీసే వేళకు వెళ్లు. రంధ్రాలు నీటి అంచుకు ఎన్ని అడుగుల దూరంలో మొదలవుతున్నాయో నడిచి కొలువు. ఒక్కదాన్ని ఎంచుకుని, తల పైకి వచ్చేదాకా కూర్చో. సూర్యుడికి ఎదురుగా కూర్చో, నీ నీడ రంధ్రం మీద పడితే అది పైకి రాదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు