ఆమ్లం చుక్క లెక్క

అనంతపురం

అమ్మాయీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. కర్నూలులో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు, ఉప్పునీటి సూక్ష్మజీవి పొరలో ఉండి కాంతి పడితే ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) బయటికి తోసే ప్రోటీన్, బాక్టీరియోరొడాప్సిన్‌ను ఎంచుకున్నావట. ఆమ్లత పెరిగితే అది ప్రోటాన్లను తోయడంలో ఏం తేడా వస్తుందో చూస్తావట. ఇంట్లో ఒకరైనా నా విద్య పట్టుకున్నారని ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ వెంటనే గుబులు పుట్టింది, హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా ముందు పెట్టుకుని రాత్రిళ్లు ఒంటరిగా కూర్చుంటావేమోనని. కూర్చోవద్దు. కళ్లకు అద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయవద్దు. నీళ్లలో ఆమ్లం పోయాలి గానీ ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఇవన్నీ నీకు తెలుసు, అయినా రాయకుండా ఉండలేను.

పీహెచ్ మీటరును 4, 7 బఫర్లతో రోజూ సరిచూసుకో. ఎలక్ట్రోడును కుళాయి నీళ్లతో కడగకు. కాంతి వేసే దీపం వేడి తగలకుండా మధ్యలో నీళ్ల తొట్టి పెట్టు.

ఇక రంగు. ఈ ప్రోటీన్ 568 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి ఊదాగా ఉంటుంది. పీహెచ్ 3 కిందికి దిగితే గొట్టంలోని ఊదా నీ కళ్ల ముందే నీలంగా మారుతుంది, శిఖరం 605 దాకా జరుగుతుంది. కాంతి పడినప్పుడు షిఫ్ బేస్ (రంగునిచ్చే రెటినాల్ ఈ ప్రోటీన్‌కు అతుక్కున్న చోటు) వదిలే ప్రోటాన్‌ను అందుకోవలసింది 85వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం. ఆమ్లం ఎక్కువైతే అది ముందే ఒక ప్రోటాన్‌ను పట్టుకుని ఉంటుంది, ఇక పంపు నడవదు. నీలం చూసి ప్రోటీన్ పాడైందని పారబోస్తావేమో, జాగ్రత్త! క్షారం కలిపి పీహెచ్ పెంచితే ఊదా తిరిగి వస్తుంది. పొరకు అంటుకున్న కాల్షియం, మెగ్నీషియం అయాన్లను తీసేసినా నీలమే వస్తుంది. అందుకని నీలం కనబడగానే ఆమ్లం వల్లనే అని రాసేయకు.

నాకు అసలు భయం వేరే చోట ఉంది. నా దగ్గర ప్రాజెక్టు చేసిన అబ్బాయి ఒకడు ఉండేవాడు, చురుకైనవాడు. కొవ్వు సంచుల్లో ఈ ప్రోటీన్‌ను పెట్టి కాంతి వేశాడు. సంచుల్లో ఇది ఎక్కువగా తలకిందులుగా అమరుతుంది కాబట్టి ప్రోటాన్లు లోపలికి పోతాయి, బయటి పీహెచ్ పెరుగుతుంది. 1974లో రాకర్, స్టోకెనియస్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి సంచుల్లో చూసినదీ లోపలికి పోవడమే. పీహెచ్ 7 దగ్గర, మీటరు కొలతను కాగితం మీద గీసే రికార్డరు పెన్ను చక్కగా పైకి లేచింది. 5 దగ్గర కదిలీ కదలనట్టుంది. ఆమ్లతకు పంపు నీరసిస్తుందని రాసి సెమినారులో చదివాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఒక్కటే అడిగాను: "ప్రతి పీహెచ్ దగ్గరా తెలిసిన కొలత ఆమ్లం వేసి, పెన్ను ఎంత కదిలిందో చూశావా?" చూడలేదు.

స్వేచ్ఛగా ఉన్న ప్రోటాన్ల వరకే లెక్క వేసినా, పీహెచ్ 7 దగ్గర 0.01 మారడానికి కావలసినదానికి 5 దగ్గర వంద రెట్లు కావాలి. పైగా కొవ్వుల్లోని, ప్రోటీన్‌లోని ఆమ్ల గుంపులు మార్పును మింగేస్తాయి. పంపు అంతే తోసినా పెన్ను తక్కువ కదులుతుంది. పీహెచ్ 6 కంటే దిగువన ప్రోటాన్‌ను వదలడం, తీసుకోవడం వరుస తారుమారవుతుంది, కానీ పని ఆగదు. ఆ అబ్బాయి పెన్ను కదలికను బట్టి కాక, కదిలిన ప్రోటాన్ల సంఖ్యను నానోమోళ్లలో మళ్లీ లెక్క కడితే ఆ తగ్గుదలలో చాలా భాగం మాయమైంది. అందరి ముందూ గట్టిగా అన్నానని హాస్టలు గదిలోంచి బయటికి రాలేదు పాపం. నేనే భోజనం డబ్బా పట్టుకుని వెళ్లాను. నీ విషయంలో అంత దాకా రానివ్వను.

కాబట్టి దీపం ఆర్పాక, అదే పీహెచ్ దగ్గర, మైక్రోలీటర్లలో కొలిచిన ఆమ్లం వేసి పెన్ను కదలికను రాసుకో. సంచులు లేని ఉత్త ద్రావణం మీద కూడా కాంతి వేసి చూడు. కాంతి తగిలితే కొన్ని ఎలక్ట్రోడ్లు తామే కదులుతాయి.

వేళకు తిను తల్లీ. మొదటి గ్రాఫు రాగానే ఫోటో తీసి పంపు, ఆమ్లం చుక్క వేసిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టి మరీ.

మీ పెద్దమ్మ