మూడో గుర్తుకు వేసిన ఓటు ఎటు పోతుంది?

ఈ నెల ఉత్తరాల కట్టలో సగం అమెరికా గురించే. పిల్లలు అక్కడుంటే ఓట్ల గోల ఇక్కడి ఇళ్లలో కూడా ఉంటుంది మరి. అన్నీ ఒకే చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి నాలుగు ఉత్తరాలు ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి పౌరసత్వం వచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా ‘రెండు పార్టీలూ నచ్చట్లేదు నాన్నా’ అంటాడు. మన దగ్గర రామారావు గారు పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే కాంగ్రెస్‌ను దించేశారు. అంత పెద్ద దేశంలో ఒక్క మూడో పార్టీ ఎందుకు నిలబడదు? నాయకులు లేకనా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి

జవాబు: నాయకులకేం కొదవ లేదండీ. 1992లో రాస్ పెరో అనే టెక్సస్ వ్యాపారి అధ్యక్ష పదవికి స్వతంత్రుడిగా నిలబడితే నూటికి 19 మంది దాకా ఓటేశారు. అధ్యక్షుడెవరో చివరికి తేల్చేది రాష్ట్రాల వారీగా దక్కే ఎలక్టోరల్ ఓట్లు, అవి వచ్చింది మాత్రం సున్నా. మన 2009 గుర్తు తెచ్చుకోండి. ప్రజారాజ్యానికి నూటికి 16 ఓట్లు పడితే 294 సీట్లలో 18 దక్కాయి. ఓట్ల దామాషాలో అయితే 47 రావాలి. ఒక్కో నియోజకవర్గంలో ఒక్కరే, అదీ ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలిచే పద్ధతిలో అంతటా పలచగా పరుచుకున్న పార్టీ ఎప్పుడూ నష్టపోతుంది. అయినా మన సభలో ఆ 18 మందికీ ఒక మాట ఉంటుంది, ఎవరికీ మెజారిటీ రాని రోజున చక్రం తిప్పే వీలూ ఉంటుంది. అధ్యక్ష పదవి అలా కాదు, ఒకటే కుర్చీ. దాన్ని పంచుకునే బేరం ఉండదు.

ఇక రామారావు గారి సంగతి. అమెరికాలో దానికి సాటి రావాలంటే 1854కు వెళ్లాలి. బానిసత్వం గొడవలో అప్పటి రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ ముక్కలైపోతున్నప్పుడు పుట్టిన కొత్త పార్టీయే ఇవాళ్టి రిపబ్లికన్ పార్టీ. 1860లోనే ఆ పార్టీ తరఫున లింకన్ అధ్యక్షుడిగా గెలిచాడు. కానీ ఆ పార్టీ మూడోదిగా మిగల్లేదు, విగ్‌ల చోట తాను కూర్చుంది. 1983 తర్వాత మన దగ్గర జరిగింది కూడా అదే కదా? చాలా ఏళ్లు పోటీ కాంగ్రెస్‌కూ తెలుగుదేశానికీ మధ్యే నడిచింది. మిగిలినవాళ్లు ఏదో ఒక పక్కన చేరి సీట్లు అడిగి తీసుకున్నారు. ఈ ఓట్ల పద్ధతి కొత్త పార్టీని రానిస్తుంది, మూడో పార్టీని మాత్రం ఎక్కువకాలం బతకనివ్వదు.

చాలామంది పట్టించుకోని తేడా ఇంకొకటుంది. మన దగ్గర టికెట్ ఇచ్చేది అధినాయకుడు. బి-ఫారం చేతికి రాలేదంటే రెబెల్‌గా దిగడమో, సొంత కుంపటి పెట్టుకోవడమో తప్ప దారి లేదు. అక్కడ పార్టీ అభ్యర్థిని ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో ఓటర్లే ఎన్నుకుంటారు. అందుకని కోపమొచ్చినవాడు బయటికి పోడు, ప్రైమరీలో దిగి పార్టీనే పట్టుకోవాలని చూస్తాడు. వెర్మాంట్ సెనేటర్ బెర్నీ శాండర్స్ స్వతంత్రుడు. అధ్యక్ష పదవికి మాత్రం 2016లోనూ 2020లోనూ డెమోక్రాట్ల ప్రైమరీలోనే పోటీ చేశాడు. ట్రంప్ 2000 ఎన్నికలకు ముందు రిఫార్మ్ పార్టీ అనే మూడో పార్టీ టికెట్ కోసం కొన్నాళ్లు తిరిగి మానుకున్నాడు. పదహారేళ్ల తర్వాత రిపబ్లికన్ ప్రైమరీలో దిగి, ఆ పార్టీలో పెద్ద తలకాయలన్నీ వద్దంటున్నా గెలిచాడు. నన్నడిగితే అమెరికాలో మూడో పార్టీలు ఉన్నాయి, రెండు పార్టీల కడుపులో ఉన్నాయి. మీవాడికి నచ్చని రెండింటిలో తక్కువ నచ్చనిదేదో చూసి దాని ప్రైమరీకి వెళ్లమనండి.

ప్రశ్న: ప్రపంచంలోకెల్లా ధనవంతుడు ఎలాన్ మస్క్ పార్టీ పెడతానన్నాడు కదా, ఏమైంది?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: 2025 జులైలో ‘అమెరికా పార్టీ’ అని ప్రకటించాడు. కొన్ని వారాలకే ఆ ఊసు సన్నగిల్లింది. మనకున్నట్టు అక్కడ ఒక ఎన్నికల సంఘం, ఒక దరఖాస్తు, ఒక గుర్తు ఉండవు బాబూ. 50 రాష్ట్రాలు, 50 చట్టాలు. ఒక్కోచోట వేల సంతకాలు పట్టుకెళ్లాలి, గడువులు వేరు, రూల్సు వేరు. ఆ రూల్సు రాసేదీ ఆ రెండు పార్టీల శాసనసభ్యులే. అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చలకు కూడా 2000 నుంచి రెండు దశాబ్దాల పాటు సర్వేల్లో నూటికి 15 మంది మద్దతు ఉంటేనే ప్రవేశం అన్నారు. చర్చలో కనిపిస్తే కదా ఆ 15 వచ్చేది! అన్నట్టు, మస్క్ దక్షిణాఫ్రికాలో పుట్టాడు కాబట్టి ఎంత డబ్బున్నా అధ్యక్షుడు కాలేడు.

ప్రశ్న: ‘ర్యాంక్డ్ చాయిస్’ వస్తే అమెరికాలో రెండు పార్టీల పెత్తనం పోతుందని ఒక వీడియోలో చూశాను. అదేమిటి? నిజంగా పోతుందా?
– ఎం.ఏ. విద్యార్థిని, హనుమకొండ

జవాబు: నీకు ఆ పద్ధతి కొత్తేం కాదమ్మా, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు ఉంటే నువ్వే వేసి ఉంటావు. ఊదారంగు స్కెచ్ పెన్ ఇచ్చి 1, 2, 3 అని అంకెలు వేయమంటారు చూడు, అదే. ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తీసేసి, ఆ ఓట్లను వాటి మీద 2 ఎవరికి ఉంటే వాళ్లకు కలుపుతారు. మీ వరంగల్–ఖమ్మం–నల్గొండ సీటుకు 2021లో 71 మంది నిలబడితే దినపత్రికంత బ్యాలెట్ అయింది, ఎలిమినేషన్ మీద ఎలిమినేషన్ చేస్తూ లెక్కింపు రోజుల తరబడి సాగింది. నేను కాలేజీలో పనిచేసిన రోజుల్లో ఏలూరులో అలాంటి లెక్కింపు డ్యూటీ చేశాను. చెల్లని ఓట్ల ట్రే నిండుతుంటే ప్రాణం ఉసూరుమనేది. అందరూ డిగ్రీ చదివినవాళ్లే. ఒకాయన టిక్కు పెడతాడు, ఇంకొకాయన ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తాడు, మరొకాయన కింద దర్జాగా సంతకం చేస్తాడు. ఒక పెద్దమనిషి మాత్రం తెలుగు అంకె ౧ వేశారు, అది చెల్లింది. టేబుల్ దగ్గర ఏజెంట్లు దాని మీద కాసేపు పోట్లాడుకున్నారు కూడా.

ఈ లెక్క దేశ చరిత్రలో ఒకసారి మనవాళ్ల మధ్యే తేలింది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి, ఎదురు స్వతంత్రుడిగా వి.వి. గిరి, మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. దేశ్‌ముఖ్ ఓట్ల రెండో ప్రాధాన్యం ఎక్కువగా రెడ్డికే వెళ్లింది. అయినా గిరి 4,20,077తో గట్టెక్కారు, రెడ్డి 4,05,427 దగ్గర ఆగారు.

అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం 2016లో ప్రజాభిప్రాయ సేకరణతో దీన్ని తెచ్చుకుంది. 2010లో అక్కడ రిపబ్లికన్ గవర్నర్ నూటికి 38 ఓట్లతో గెలిచాడు, ఎదుటి ఓట్లు ఒక స్వతంత్రుడికీ డెమోక్రాట్‌కూ మధ్య చీలిపోయాయి. ఆ ఒళ్లుమంటే ఈ మార్పుకు మొదలు. చిత్రం ఏమిటంటే, రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకోదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పడంతో నవంబర్ గవర్నర్ ఎన్నికకే ఈ పద్ధతి వర్తించట్లేదు!

అలస్కా 2020లో ఇంకో అడుగు వేసింది. ప్రైమరీ అందరికీ ఒక్కటే, పైనున్న నలుగురు నవంబర్‌కు వెళ్తారు, అక్కడ 1, 2, 3, 4. దాని కింద 2022 ఆగస్టులో ప్రతినిధుల సభకు (మన లోక్‌సభలాంటిది) జరిగిన మొదటి ఉప ఎన్నికలో డెమోక్రాట్ మేరీ పెల్టోలాకు నూటికి 40, రిపబ్లికన్లు సారా పేలిన్‌కు 31, నిక్ బెగిచ్‌కు 28. చివరనున్న బెగిచ్‌ను తీసేశాక ఆయన ఓట్లలో సుమారు సగమే తోటి రిపబ్లికన్‌కు వెళ్లాయి. ఐదోవంతు మంది రెండో అంకె వేయనేలేదు. పెల్టోలా గెలిచింది. ముఖాముఖి అయితే బెగిచ్ ఆ ఇద్దరినీ ఓడించేవాడని ఆ బ్యాలెట్లనే తిరగేసి లెక్కలు కట్టినవాళ్లు తేల్చారు. కాబట్టి ఇది మచ్చలేని పద్ధతేమీ కాదు.

నీ రెండో ప్రశ్నకు నా జవాబు: పోదు. ఓటు చీలుతుందనే భయం పోతుంది, అంతవరకే. సీటు ఒకటే అయినన్నాళ్లు చివరికి మిగిలేది పెద్ద పార్టీ మనిషే. మూడో పార్టీ సభలో కూర్చోవాలంటే ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురో ఐదుగురో సభ్యులు ఉండాలి, దామాషాలో పంచాలి. న్యూయార్క్ నగరం చేసి చూసిందిది. 1935లో అక్కడి నగర సభలో 65 సీట్లుంటే 62 డెమోక్రాట్లవే. 1937 నుంచి అంకెల ఓటుతో దామాషా పెట్టారు. రిపబ్లికన్లు, లేబర్ పార్టీ, ఇద్దరు కమ్యూనిస్టులు కూడా లోపలికొచ్చారు. ఆ కమ్యూనిస్టులను చూపించి భయపెట్టే 1947లో ఓటింగ్ పెట్టి దాన్ని ఎత్తేయించారు. 1949లో 25 సీట్లకు 24 మళ్లీ డెమోక్రాట్లకే! ఇవాళ ప్రతినిధుల సభకు ఇలా చేయకుండా అడ్డుపడుతున్నది 1967 నాటి మామూలు చట్టం. దాన్ని మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, అక్కడి పార్లమెంటు ఓటేస్తే చాలు. కానీ ఆ ఓటేయాల్సింది ఆ సీట్లలో గెలిచి కూర్చున్నవాళ్లే.

2024లో గాలి ఎదురుతిరిగింది కూడా. నెవాడా, కొలరాడో, ఆరెగాన్, ఐడహో ఓటర్లు ఈ మార్పులను తిప్పికొట్టారు. మిస్సోరి ఏకంగా నిషేధించింది. అలస్కాలో రద్దు ప్రయత్నం వెయ్యిలోపు ఓట్ల తేడాతో ఓడింది.

ప్రశ్న: నేను ఎడిసన్, న్యూజెర్సీలో ఉంటాను. కిందటిసారి గ్రీన్ పార్టీకి ఓటేశానని చెబితే మా తెలుగు అసోసియేషన్ గ్రూపులో ‘వేస్ట్ చేశావు’ అని ఒకటే క్లాసు పీకారు. మీరేమంటారు ఆంటీ?
– ఐటీ ఉద్యోగిని, ఎడిసన్

జవాబు: ఏ రాష్ట్రంలో వేశావన్నదాన్ని బట్టి ఉంటుంది తల్లీ. 2000లో ఫ్లోరిడాలో రిపబ్లికన్ బుష్ డెమోక్రాట్ గోర్ మీద గెలిచింది 537 ఓట్ల తేడాతో. అక్కడ గ్రీన్ పార్టీ రాల్ఫ్ నాడర్‌కు పడ్డవి 97 వేల పైచిలుకు. ఆ ఓటర్లను ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. మీ న్యూజెర్సీ మాత్రం 1988 తర్వాత అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్‌కు వెళ్లలేదు. మీ గ్రూపువాళ్లకు ఆ ముక్క చెప్పు.

అంతకన్నా నీ చేతిలో ఉన్న పని వేరే ఉంది. హడ్సన్ నదికి అవతల న్యూయార్క్‌లో ఒక అభ్యర్థి పేరు రెండు పార్టీల కింద అచ్చేయొచ్చు. 2025 నవంబర్‌లో మేయర్‌గా గెలిచిన జొహ్రాన్ మమ్‌దానీ డెమోక్రాట్ల వరసలోనూ, వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ వరసలోనూ ఉన్నాడు. ఓట్లు విడివిడిగా లెక్కపెట్టి చివర కలుపుతారు. చిన్న పార్టీకి తన బలం ఎంతో అంకెల్లో తెలుస్తుంది, ఓటూ చీలదు. 2024లో మన జనసేన 21 సీట్లతో సరిపెట్టుకుని మిగతాచోట్ల కూటమికి పని చేసి సాధించింది కూడా దాదాపు అదే, కాకపోతే మన ఈవీఎం మీద ఆ మిగతాచోట్ల వాళ్ల గుర్తు ఉండదు. నదికి ఇవతల మీ రాష్ట్రంలో అలా రెండు పార్టీల కింద పేరు వేయడం నిషేధం. రాష్ట్రాలు నిషేధించుకోవచ్చని 1997లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీ శాసనసభ్యులను అడగాల్సిన మొదటి సంగతి ఇది.

రెండోది ఇప్పటికే సగం గెలిచారు మీరు. మీ జిల్లాల్లో దాదాపు అన్నిచోట్లా పార్టీ పెద్దలు మెచ్చినవాళ్ల పేర్లన్నీ ప్రైమరీ బ్యాలెట్ మీద ఒకే వరసలో కళ్లకెదురుగా వేసి, మిగిలినవాళ్లను ఓ మూలకు తోసేవారు. సెనేట్‌కు పోటీ చేస్తున్న ఆండీ కిమ్ కోర్టుకెక్కాక 2024లో డెమోక్రాట్ల ప్రైమరీలో ఆ వరస పోయింది. ఇప్పుడు జూన్ ప్రైమరీ ఓటుకు విలువ పెరిగింది. ఏ పార్టీలోనూ నమోదు కాకపోయినా పోలింగ్ రోజున అక్కడికక్కడే పార్టీ చెప్పి ఓటేయొచ్చు. నువ్వు గ్రీన్ పార్టీ ఓటరుగా నమోదై ఉంటే మాత్రం ముందే మార్చుకోవాలి, గడువు ఎన్నికకు చాలా రోజుల ముందే అయిపోతుంది. కౌంటీ క్లర్క్ ఆఫీసులో కనుక్కో.